చిన్న వ్యాపారాల ఇంటర్నెట్ టెలిఫోన్ వ్యవస్థ

మనిషి గొంతును అంకెలుగా మార్చి, ఆ అంకెలను చిన్న చిన్న ప్యాకెట్లుగా ఇంటర్నెట్ మీద పంపి, అవతలి చెవికి మళ్లీ గొంతుగా వినిపించే పద్ధతిని ఇంటర్నెట్ టెలిఫోనీ అంటారు. పొట్టిగా వీఓఐపీ. పదిమంది పనిచేసే ఆడిటర్ ఆఫీసు, రెండు బ్రాంచీల డయాగ్నస్టిక్ సెంటర్, ట్రావెల్స్ కౌంటరు, కోచింగ్ సెంటరు వంటి చోట్ల ఇప్పుడు ఎక్కువగా ఈ పద్ధతి మీద నడిచే ఫోన్లే కనిపిస్తున్నాయి. ఒకే నంబరుకు నాలుగైదు కాల్స్ ఒకేసారి వచ్చినా అందుకోవడం, ‘తెలుగు కోసం ఒకటి నొక్కండి’ అని పలకరించడం, ఖాళీగా ఉన్న ఉద్యోగికి కాల్ కలపడం, ఎవరూ లేకపోతే సందేశం దాచిపెట్టడం, మేనేజరు ఊళ్లో లేకపోయినా ఆఫీసు నంబరుతోనే ఆయన సెల్‌ఫోన్ మోగించడం ఈ వ్యవస్థ చేసే పనులు. ఇవన్నీ ఒకప్పుడు పెద్ద కంపెనీలు, స్టార్ హోటళ్లు, కార్పొరేట్ ఆసుపత్రులు మాత్రమే భరించగలిగినవి. ఎక్స్ఛేంజి అనే ఖరీదైన యంత్రం చిన్న వ్యాపారి చేతికి ఎలా అందిందో చెప్పడమే ఈ వ్యవస్థ చరిత్రను చెప్పడం.

ఎక్స్ఛేంజి ఎవరి చేతిలో ఉండేది

ప్రపంచంలో తొలి వాణిజ్య టెలిఫోన్ ఎక్స్ఛేంజి 1878 జనవరిలో అమెరికాలోని న్యూహేవెన్‌లో 21 మంది చందాదారులతో మొదలైంది. ఎవరి కాల్‌ను ఎవరికి కలపాలో అప్పట్లో ఆపరేటరే చూసుకునేవారు. కాన్సాస్ సిటీలో అంత్యక్రియల ఏర్పాట్ల వ్యాపారం చేసుకునే ఆల్మన్ స్ట్రౌజర్‌కు ఈ పద్ధతి మీద నమ్మకం పోయింది. తనకు రావలసిన కాల్స్‌ను ఆపరేటరు పోటీ వ్యాపారికి కలుపుతున్నట్టు ఆయన అనుమానించాడని చెబుతారు. మధ్యలో మనిషి అవసరం లేకుండా ఫోన్ చేసేవారే నేరుగా కలుపుకునే యంత్రానికి 1891లో ఆయన పేటెంటు పొందాడు. మరుసటి ఏడాది ఇండియానా రాష్ట్రంలోని లాపోర్ట్‌లో ఆ పద్ధతిలో ఎక్స్ఛేంజి పనిచేయడం మొదలైంది. ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి పుట్టుకకు మూలం పెద్ద ప్రయోగశాల కాదు, కాల్స్ దారి మళ్లుతున్నాయని బాధపడ్డ ఒక చిన్న వ్యాపారి. ఈ చరిత్రలో ఇలాంటి ఘట్టం మరొకటి ఉంది. అది రావడానికి ఇంకో నూరేళ్లు పట్టింది.

ఆఫీసు లోపలే ఒక సొంత ఎక్స్ఛేంజి పెట్టుకుంటే దాన్ని పీబీఎక్స్ అంటారు. మన దేశంలో ఈపీఏబీఎక్స్ అన్న పేరు స్థిరపడింది. ఇరవై బల్లలకు ఇరవై బయటి లైన్లు తీసుకోనక్కర లేకపోవడమే దీనివల్ల కలిగే లాభం. అందరూ ఒకేసారి బయటివారితో మాట్లాడరు కాబట్టి కొన్ని లైన్లను పంచుకుంటే చాలు. ఎన్ని లైన్లు చాలుతాయో లెక్కగట్టే సూత్రాన్ని కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీ ఉద్యోగి ఎ.కె. ఎర్లాంగ్ 1917లో ప్రచురించాడు. ఇరవై మంది, రద్దీ గంటలో తలా తొమ్మిది నిమిషాల చొప్పున బయటివారితో మాట్లాడతారనుకుందాం. నూటికి ఒక కాల్‌కు మించి ‘బిజీ’ రాకూడదంటే ఎనిమిది లైన్లు కావాలి. నేటి ఇంటర్నెట్ ఫోన్‌కు ఎన్ని చానళ్లు కొనాలో తేల్చడానికి కూడా ఇదే లెక్క వాడతారు.

భారతదేశంలో చాలాకాలం అసలు ఫోన్ కనెక్షనే గగనం. దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన కుటుంబాలు, దుకాణాలు తెలుగునాట కోకొల్లలు. 1984లో ఏర్పడిన సీ-డాట్ సంస్థ శ్యామ్ పిట్రోడా చొరవతో దేశీయంగా డిజిటల్ ఎక్స్ఛేంజీలు తయారుచేసింది. 128 లైన్ల గ్రామీణ ఎక్స్ఛేంజిని 1986లో కర్ణాటకలోని కిత్తూరులో తొలిసారి నెలకొల్పారు. దుమ్మూ ధూళీ తట్టుకుని ఏసీ గది లేకుండా పనిచేయడం దాని ప్రత్యేకత. ఆఫీసులకు పనికొచ్చే పీబీఎక్స్‌ను కూడా సీ-డాట్ రూపొందించి, తయారీ హక్కులను దేశీయ కంపెనీలకు ఇచ్చింది. లాడ్జీల్లో, నర్సింగ్ హోముల్లో రిసెప్షన్ వెనక గోడకు బిగించిన పెట్టె, బయటి లైను కోసం సున్నానో తొమ్మిదో నొక్కే అలవాటు అలా చిన్న ఊళ్లకూ చేరాయి.

అయితే ఆ పెట్టెలో ఏ మార్పు కావాలన్నా మెకానిక్ రావలసిందే. రెండు ఎక్స్‌టెన్షన్లు పెంచాలంటే కొత్త కార్డు కొనాలి. ఆఫీసు మారితే వైరింగ్ మళ్లీ మొదటినుంచి చేయించాలి. గుంటూరులో ఒక బ్రాంచి, ఒంగోలులో ఒక బ్రాంచి ఉంటే రెండు పెట్టెలు కొనాలి, వాటి మధ్య మాట్లాడుకోవడానికి ఎస్‌టీడీ బిల్లు కట్టాలి.

గొంతు ప్యాకెట్లుగా మారిన కథ

గొంతును అంకెలుగా మార్చవచ్చన్న ఊహ ఇంటర్నెట్ కన్నా చాలా పాతది. ప్యారిస్‌లో పనిచేస్తున్న బ్రిటిష్ ఇంజినీరు అలెక్ రీవ్స్ 1930ల చివర దాన్ని ప్రతిపాదించాడు. సెకనుకు 8,000 సార్లు గొంతు తరంగం ఎత్తును కొలవాలి, ఒక్కో కొలతను 8 బిట్లలో రాయాలి. అలా సెకనుకు 64,000 బిట్లు అవుతాయి. 1972లో అంతర్జాతీయ టెలికాం సంఘం జి.711 పేరుతో ప్రమాణంగా ఖాయం చేసిన ఈ లెక్క ఇప్పటికీ చెక్కుచెదరలేదు. కాకపోతే పాత టెలిఫోన్ వ్యవస్థలో ఈ అంకెల కోసం కాల్ మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా ఒక దారిని పూర్తిగా కేటాయించేవారు. ఇద్దరూ మౌనంగా ఉన్నా ఆ దారి ఇంకెవరికీ దక్కేది కాదు.

ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో దారి కేటాయింపు ఉండదు, సమాచారం ప్యాకెట్లుగా తలో దిక్కున వెళ్తుంది. అందులో గొంతును పంపే ప్రయత్నం 1973-74లో జరిగింది. కంప్యూటర్ శాస్త్రవేత్త డానీ కోహెన్ బృందం దీనికోసం నెట్‌వర్క్ వాయిస్ ప్రోటోకాల్ రాసింది. 1974లో కాలిఫోర్నియాకు, మసాచుసెట్స్‌కు మధ్య ప్యాకెట్ల మీద మాట నడిచింది. ఆనాటి సన్నని లైన్లలో 64,000 బిట్లు పట్టవు. గొంతును బాగా కుదించే లీనియర్ ప్రిడిక్టివ్ కోడింగ్ అనే గణితం అప్పుడు ఆదుకుంది. ఆ గణితాన్ని తీర్చిదిద్దిన ప్రముఖుల్లో కాన్పూరులో పుట్టి, బెంగళూరు ఐఐఎస్‌సీలో పనిచేసి, బెల్ ల్యాబ్స్‌కు వెళ్లిన బిష్ణు అటల్ ఒకరు. 1985లో మాన్‌ఫ్రెడ్ ష్రోడర్‌తో కలిసి ఆయన ప్రతిపాదించిన సెల్ప్ పద్ధతి నుంచే తర్వాతి సెల్‌ఫోన్ల కోడెక్‌లు (గొంతును అంకెలుగా మార్చి కుదించే పద్ధతులు), సెకనుకు 8,000 బిట్లతో సరిపెట్టుకునే జి.729 పుట్టుకొచ్చాయి. చవక ఫోన్ కాల్ వెనక ఒక భారతీయుడి కృషి ఇంత ఉందని మన పాఠ్యపుస్తకాలు చెప్పకపోవడం పెద్ద లోటు.

ఆ ప్రయోగాలు ఇంటర్నెట్ కట్టడాన్నే మార్చాయి. పోయిన ప్యాకెట్‌ను మళ్లీ పంపించుకునే టీసీపీ పద్ధతి ఉత్తరాలకు, ఫైళ్లకు బాగుంటుంది. మాటకు మాత్రం ఆలస్యంగా వచ్చిన అక్షరం కన్నా రాని అక్షరమే మేలు, ఎందుకంటే వినేవాడు దాన్ని సందర్భాన్ని బట్టి పూరించుకుంటాడు. కోహెన్ వంటివారు ఇది పట్టుబట్టి వాదించారు. ఫలితంగా ప్యాకెట్లను చిరునామాకు చేర్చే ఐపీని టీసీపీ నుంచి విడదీశారు. పోయిన ప్యాకెట్ కోసం ఆగకుండా పంపుకుంటూ పోయే యూడీపీ 1980లో వెలువడింది. నేటికీ ఇంటర్నెట్ కాల్‌లో గొంతు నడిచేది ప్రధానంగా దాని మీదనే.

మామూలు జనానికి ఈ విద్య అందింది 1995 ఫిబ్రవరిలో. ఇజ్రాయెల్ కంపెనీ వోకల్‌టెక్ విడుదల చేసిన ‘ఇంటర్నెట్ ఫోన్’ సాఫ్ట్‌వేర్‌తో సౌండ్ కార్డు, మైకు ఉన్న రెండు కంప్యూటర్ల మధ్య మాట్లాడుకోవచ్చు. మొదట్లో ఒకరు ఆగాకే ఇంకొకరు మాట్లాడాలి. మాట తెగుతూ తెగుతూ వచ్చేది. అయినా దేశాంతర కాల్‌కు నిమిషాల లెక్కన బిల్లు కట్టే కాలంలో అది పెద్ద ఊరట. 1996లో గొంతు ప్యాకెట్లకు వరుస సంఖ్య, సమయం గుర్తు వేసే ఆర్‌టీపీ, 1999లో కాల్‌ను మోగించి, కలిపి, ముగించే ఎస్ఐపీ ప్రమాణాలుగా వచ్చాయి. కంప్యూటర్ శాస్త్రవేత్త హెన్నింగ్ షుల్జ్‌రిన్ పేరు ఈ రెండింటిలోనూ కనిపిస్తుంది. ఎస్ఐపీ మాటలు వెబ్ పేజీల భాషలాగే చదవగలిగే అక్షరాల్లో ఉంటాయి కాబట్టి కొద్దిపాటి ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్లు కూడా ఫోన్ వ్యవస్థను విప్పి చూడగలిగారు.

అలబామా కుర్రవాడు, జపాటా పేరున్న కార్డు

1999లో అలబామా రాష్ట్రంలో ఆబర్న్ విశ్వవిద్యాలయ విద్యార్థి మార్క్ స్పెన్సర్ సుమారు 4,000 డాలర్లతో లినక్స్ సపోర్ట్ సర్వీసెస్ అనే చిన్న కంపెనీ పెట్టాడు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవారికి ఫోన్‌లో సాయం చేయడం దాని పని. అందుకు కాల్స్‌ను పంచే పీబీఎక్స్ కావాలి. దాని ధర చూస్తే తన పెట్టుబడి మొత్తాన్ని మించిపోతోంది. కొనలేనిది తానే రాసుకుందామని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అలా తయారైన ఆస్టరిస్క్‌ను జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ ఉచితంగా విడుదల చేశాడు.

సాఫ్ట్‌వేర్ ఉన్నా, కంప్యూటర్‌ను అసలు టెలిఫోన్ లైనుకు తగిలించే కార్డుల ఖరీదు తక్కువేం కాదు. గొంతును శుద్ధిచేసే ప్రత్యేక చిప్‌లు వాటిలో ఉండటమే కారణం. జిమ్ డిక్సన్ అనే ఇంజినీరు ఆలోచన వేరు. కంప్యూటర్ ప్రాసెసర్ల వేగం ఏటేటా పెరుగుతోంది కదా, ఆ పనంతా ప్రాసెసర్‌తోనే చేయించి కార్డును సాదాసీదాగా ఉంచితే సరిపోతుందన్నాడు. మెక్సికో విప్లవ నాయకుడు ఎమిలియానో జపాటా పేరు ఆ ప్రాజెక్టుకు పెట్టి, కార్డు నమూనాను కూడా బహిరంగంగా ఇచ్చేశాడు. ఆస్టరిస్క్, ఈ కార్డు కలిసినప్పుడు ఒక మామూలు కంప్యూటరు ఎక్స్ఛేంజిగా పనిచేయగలిగింది. స్పెన్సర్ కంపెనీ హంట్స్‌విల్ కేంద్రంగా డిజియం పేరుతో ఆ కార్డులు అమ్మింది. 2004లో ఆస్టరిస్క్ 1.0 వచ్చింది. డిజియంను 2018లో కెనడా కంపెనీ సంగోమా కొనుగోలు చేసింది.

పెద్ద కంపెనీలూ ఊరుకోలేదు. సిస్కో 1998లో సెల్సియస్ సిస్టమ్స్‌ను కొని ఐపీ ఫోన్ల వ్యాపారంలోకి దిగింది. అయినా చిన్న ఆఫీసుల విషయంలో మలుపు తిప్పినవాడు స్పెన్సరే. ఆయన రాసిన సాఫ్ట్‌వేర్ మీద వెబ్ పేజీలో టిక్కులు పెట్టి నడిపించుకునే ఫ్రీపీబీఎక్స్ వంటివి వచ్చాక, ఊళ్లో కంప్యూటర్లు అసెంబుల్ చేసే కుర్రవాళ్లు కూడా ఎక్స్ఛేంజి పెట్టి ఇవ్వగలిగారు. పాత ల్యాండ్‌లైనుకు, కొత్త వ్యవస్థకు మధ్య గేట్‌వే అనే చిన్న పెట్టె పెడితే రెండూ కలిసి నడుస్తాయి.

ఒక కాల్ ఎలా నడుస్తుంది

విజయవాడలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌ను ఊహించుకుందాం. రిసెప్షన్, ల్యాబ్, అకౌంట్స్, ఇంటినుంచి పనిచేసే డాక్టరు, అన్నీ ఎక్స్‌టెన్షన్లే. బల్లమీద ఐపీ ఫోన్, కంప్యూటర్‌లో సాఫ్ట్‌ఫోన్, సెల్‌ఫోన్‌లో యాప్ ఏదైనా కావచ్చు. ఒక్కోటి ఆన్ కాగానే ‘నేను ఫలానా ఎక్స్‌టెన్షన్, ఫలానా చిరునామాలో ఉన్నాను’ అని సర్వరు దగ్గర పేరు నమోదు చేసుకుంటుంది. ఆ నమోదే ఈ వ్యవస్థకు కీలకం. ఫోన్ ఏ గోడ దగ్గర ఉందన్నది ఎక్స్ఛేంజికి అనవసరం. విజయవాడ రిసెప్షనిస్టు సెలవులో ఉంటే కాకినాడ బ్రాంచిలోని ఉద్యోగి అదే ఎక్స్‌టెన్షన్‌తో కాల్ ఎత్తవచ్చు.

రోగి ఫోన్ చేశాడు. టెలికాం కంపెనీ ఆ కాల్‌ను ఎస్ఐపీ ట్రంక్ అనే ఇంటర్నెట్ లైను మీద సర్వరుకు ‘ఇన్వైట్’ సందేశంగా పంపుతుంది. ఐవీఆర్ అనే రికార్డు చేసిన గొంతు పలకరిస్తుంది, రోగి నొక్కిన అంకెను బట్టి సర్వరు మరో ‘ఇన్వైట్’ పంపి సరైన ఫోన్ మోగిస్తుంది. ఎత్తగానే ‘ఓకే’ వెళ్తుంది. ఏ కోడెక్‌లో మాట్లాడుకోవాలో ఈలోపే ఖరారై ఉంటుంది. ఆపైన గొంతు ఆర్‌టీపీ ప్యాకెట్లుగా సాగుతుంది. ఎవరు పెట్టేసినా ‘బై’.

సాధారణంగా 20 మిల్లీసెకన్ల మాటను ఒక ప్యాకెట్‌లో సర్దుతారు. జి.711లో అది 160 బైట్లు, దానిమీద చిరునామా వివరాలు 40 బైట్లు. సెకనుకు 50 ప్యాకెట్లు కాబట్టి ఒక్కో దిశలో 80 కిలోబిట్లు. జి.729లో మాట 20 బైట్లే, చిరునామా మాత్రం అదే 40, ఉత్తరం కన్నా కవరు రెండింతల బరువన్నమాట. అందుకే అందులో సెకనుకు 8 కిలోబిట్ల మాట లైను మీద 24 కిలోబిట్లు అవుతుంది. పది కాల్స్ ఒకేసారి నడిచినా జి.711కు కావలసింది ఒక్కో దిశలో ఒక మెగాబిట్‌కు లోపే. నేటి ఫైబర్ కనెక్షన్లకు ఇదొక లెక్కే కాదు.

మరి మాట ఎందుకు తెగుతుంది? వేగం చాలక కాదు, సమయం తప్పి. ఎక్స్‌రే ఫైళ్లు అప్‌లోడ్ అవుతున్నప్పుడు గొంతు ప్యాకెట్లు వాటి వెనక క్యూలో చిక్కుకుంటాయి. ఒకటి త్వరగా, ఒకటి ఆలస్యంగా చేరే ఈ ఒడుదొడుకును జిట్టర్ అంటారు. ఫోన్ కొన్ని ప్యాకెట్లను క్షణకాలం ఆపి వరుసపెట్టి వినిపిస్తుంది. ఎక్కువసేపు ఆపితే మాటకు మాట అడ్డుపడుతుంది. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లకు లోబడితే సంభాషణ సహజంగా ఉంటుందని అంతర్జాతీయ టెలికాం సంఘం జి.114 సిఫారసు చెబుతుంది. రూటరులో గొంతు ప్యాకెట్లకు ముందు వరుస ఇస్తే చాలా ఫిర్యాదులు ఆగిపోతాయి. ఖరీదైన ఫోన్ల కన్నా ఈ ఒక్క అమరిక మీద శ్రద్ధ పెట్టడం ఎంతో ఉపయోగం.

‘నా మాట మీకు వినిపిస్తోందా? మీ మాట నాకు రావడం లేదు’ అన్నది ఇంకో పాత జబ్బు. ఆఫీసు లోపలి ఫోన్లకు 192.168తో మొదలయ్యే సొంత చిరునామాలు ఉంటాయి. ఫోన్ తన సందేశంలో ఆ చిరునామానే రాసి పంపుతుంది. బయటి సర్వరు జవాబు గొంతును అక్కడికి పంపితే అది చేరదు. బయటికి కనిపించే చిరునామా ఏదో ఫోన్‌కు తెలియజేసే స్టన్ పద్ధతి 2003లో వచ్చింది. చాలా రూటర్లలో దీన్ని సరిచేస్తానంటూ ఎస్ఐపీ ఏఎల్‌జీ అనే అమరిక ఉంటుంది, తరచూ అదే పని చెడగొడుతుంది. అనుభవమున్న టెక్నీషియన్ ముందు దాన్ని ఆఫ్ చేసి చూస్తాడు.

పెట్టె నుంచి క్లౌడ్‌కు

2000ల నుంచి ఆఫీసులో సర్వరు కూడా అక్కర్లేకుండా పోయింది. ఎక్స్ఛేంజిని ఎక్కడో డేటా సెంటర్లో నడిపి, ఎక్స్‌టెన్షన్‌కు ఇంత అని నెలవారీ అద్దె తీసుకునే కంపెనీలు వచ్చాయి. 2008లో మొదలైన ట్విలియో ఫోన్ కాల్‌ను ప్రోగ్రామర్లు నాలుగు వరుసల కోడ్‌తో పిలిచే వస్తువుగా మార్చింది. 2011లో గూగుల్ బహిరంగపరచిన వెబ్‌ఆర్‌టీసీతో బ్రౌజరే ఫోన్ అయింది.

చట్టం వేసిన కంచె

భారతదేశంలో సాంకేతికత కన్నా నిబంధనలే ఈ వ్యవస్థ నడకను నిర్ణయించాయి. 2002 ఏప్రిల్ 1న ఇంటర్నెట్ టెలిఫోనీకి పరిమితంగా అనుమతి దొరికింది. కంప్యూటరు నుంచి కంప్యూటరుకు, కంప్యూటరు నుంచి విదేశీ ఫోన్‌కు మాట్లాడవచ్చు. దేశంలోని మామూలు ఫోన్‌కు మాత్రం కలపకూడదన్నది అప్పటి షరతు. అమెరికాలో ఉన్న కొడుకు హైదరాబాద్‌లోని తల్లి ఇంటి ఫోన్‌కు చవకగా చేసే కాల్స్ వెనక చాలాసార్లు విదేశీ కాలింగ్ కార్డులు ఉండేవి. విదేశీ ఇంటర్నెట్ కాల్స్‌ను దొంగచాటుగా స్థానిక కాల్స్‌గా మార్చే సిమ్ బాక్సులను పోలీసులు హైదరాబాద్ సహా పలు నగరాల్లో పట్టుకుంటూనే ఉన్నారు.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2008లో ఒకసారి, 2017 అక్టోబరులో మరోసారి ఆంక్షలు సడలించమని సిఫారసు చేసింది. 2018 జూన్‌లో టెలికాం శాఖ లైసెన్సు షరతులు స్పష్టం చేసింది. లైసెన్సున్న టెలికాం కంపెనీలు ఇంటర్నెట్ మీద నడిచే నంబర్లు ఇచ్చి మామూలు ఫోన్లకు కలపవచ్చని తేలింది. ఆ జులైలోనే బీఎస్ఎన్ఎల్ ‘వింగ్స్’ అనే ఇంటర్నెట్ ఫోన్ సేవను ప్రారంభించింది. ఈ ఆలస్యం మూలంగా దేశంలో వేరే రూపం ఎదిగింది. టెలికాం కంపెనీల నుంచి సక్రమంగా లైన్లు తీసుకుని, వాటి మీద ఐవీఆర్, కాల్ రికార్డింగ్, పంపకం చేసే క్లౌడ్ సేవలు పుట్టాయి. హైదరాబాద్ నుంచి ఎదిగిన ఓజోన్‌టెల్ వాటిలో ఒకటి. మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోన్ చేసే పద్ధతిని వ్యాపారంగా మలచిన జిప్‌డయల్‌ను 2015లో ట్విట్టర్ కొన్నది. ఖర్చు లేకుండా కబురు పంపే జనం అలవాటును ఇంత గౌరవంగా వాడుకున్న సేవ మరొకటి లేదు.

కాల్ సెంటర్లకు మరో చిక్కు ఉండేది. టెలికాం శాఖ దగ్గర ఓఎస్పీగా (అదర్ సర్వీస్ ప్రొవైడర్) నమోదు కావాలి, ఉద్యోగి ఇంటినుంచి పనిచేయాలంటే కఠిన షరతులు ఉండేవి. కరోనా కాలంలో అది సాగలేదు. 2020 నవంబరులో నమోదును ఎత్తేశారు, 2021 జూన్‌లో ఇంకా సడలించి ఎక్స్ఛేంజి ప్రపంచంలో ఎక్కడైనా ఉండవచ్చన్నారు. హైదరాబాద్‌లోని మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల ఉద్యోగులు సొంత ఊళ్ల నుంచి కాల్స్ ఎత్తడాన్ని ఈ సడలింపులు సులువు చేశాయి. ప్రచార కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచే చేయాలన్న నియమం మాత్రం చిన్న వ్యాపారానికీ వర్తిస్తుంది.

యజమాని నెత్తిన పడిన బాధ్యతలు

పాత ల్యాండ్‌లైనుకు కరెంటు ఎక్స్ఛేంజి నుంచి 48 వోల్టుల వద్ద రాగి తీగలోనే వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోన్ మోగేది. ఇంటర్నెట్ ఫోన్‌కు రూటరు, స్విచ్చి, ఫైబర్ పెట్టె అన్నిటికీ కరెంటు కావాలి. 2003 నాటి పవర్ ఓవర్ ఈథర్నెట్ ప్రమాణంతో స్విచ్చి నుంచే ఫోన్లకు కరెంటు పంపవచ్చు కాబట్టి, ఆ స్విచ్చికి, రూటరుకు, ఫైబర్ పెట్టెకు కలిపి ఒక యూపీఎస్ పెడితే చాలు.

దొంగల బెడదా కొత్తదే. ఎస్ఐపీ వాడే 5060 పోర్టును ఇంటర్నెట్‌లో ఎప్పుడూ ఎవరో ఒకరు తడుముతూ ఉంటారు. ఎక్స్‌టెన్షన్ 101కి పాస్‌వర్డు కూడా 101 అయితే, శనివారం రాత్రి లోపలికి చొరబడి ఖరీదైన విదేశీ నంబర్లకు కాల్స్ చేస్తారు. సోమవారం ఆఫీసు తెరిచేసరికి బిల్లు పెరిగిపోయి ఉంటుంది. అక్కర లేకపోతే విదేశీ కాల్స్ పూర్తిగా మూసేయడం అన్నిటికన్నా గట్టి తాళం.

అత్యవసర కాల్స్ విషయంలో అమెరికా చేదు అనుభవంతో నేర్చుకుంది. ఫోన్ ఎక్కడున్నా పనిచేస్తుందంటే, ఆపదలో ఉన్నవారు ఎక్కడున్నారో పోలీసులకు తెలియదు. 2005లో అక్కడి ఎఫ్‌సీసీ ఇంటర్నెట్ ఫోన్ కంపెనీలు వినియోగదారు చిరునామాతో సహా అత్యవసర నంబరు 911కు కలపాలని ఆదేశించింది. 2013లో టెక్సాస్‌లోని ఒక మోటెల్‌లో తల్లిపై దాడి జరుగుతుండగా తొమ్మిదేళ్ల పాప 911కు నాలుగుసార్లు ప్రయత్నించింది. బయటి లైను కోసం ముందు మరో 9 నొక్కాలని పాపకు తెలియదు. తల్లి చనిపోయింది. ఆమె పేరుతో వచ్చిన ‘కరీస్ లా’ ప్రకారం 2020 ఫిబ్రవరి నుంచి అమెరికాలో కొత్తగా అమర్చే ఏ ఆఫీసు, హోటల్ ఫోన్ వ్యవస్థలోనైనా ముందు ఏ అంకె నొక్కకుండానే 911 కలవాలి. మన లాడ్జీలు, ఆసుపత్రుల ఎక్స్‌టెన్షన్లలో మన అత్యవసర నంబరు 112 నేరుగా కలిసేలా అమర్చడం సాఫ్ట్‌వేర్‌లో ఒక్క వరుస పని. ఫోన్లు బిగించిన రోజే యజమాని దగ్గరుండి అది చేయించాలి.

రాగి తీగల చివరి రోజులు

జియో 2016 సెప్టెంబరులో పాత సర్క్యూట్ స్విచ్చింగ్ లేకుండా, గొంతును పూర్తిగా ఐపీ మీద నడిపే మొబైల్ నెట్‌వర్క్‌తో దేశంలో సేవలు మొదలుపెట్టింది. బీఎస్ఎన్ఎల్ ఫైబర్ కనెక్షన్‌తో ఇచ్చే ల్యాండ్‌లైను కూడా ఇంటర్నెట్ పద్ధతిలోనే పనిచేస్తుంది. దుకాణం బోర్డు మీద 0866తో మొదలయ్యే నంబరు అలాగే ఉన్నా దాని వెనక నడిచేవి ప్యాకెట్లే. బ్రిటన్‌లో బీటీ తన పాత టెలిఫోన్ నెట్‌వర్క్‌ను 2025 చివర మూసేయాలనుకుని, ఆపదలో ఫోన్ మీదే ఆధారపడే వృద్ధుల, రోగుల భద్రత కోసం గడువును 2027 జనవరికి జరిపింది. కరెంటు పోయినా అత్యవసర కాల్ కనీసం గంటసేపు పనిచేసే ఏర్పాటు అలాంటివారికి చూపాలని అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ కంపెనీలకు మార్గదర్శకాలు ఇచ్చింది.